చిన్న కొమ్ము మీద మైనపు చుక్క

గిటార్‌కి పట్టీ తగిలించే గుండీని ఒక కొమ్ము మీంచి తీసి రెండో కొమ్ముకు బిగించాలి. మా వీధి చివర ఉండే పెద్దావిడ అడిగిన పని ఇంతే. ఆవిడ మనవడికి పదిహేనేళ్లు, పుర్రచేతివాటం. పోయిన తాతగారి గిటార్ వాడి చేతిలో పెట్టాలని ఆవిడ కోరిక. గిటార్ కుడిచేతివాళ్లకు చేసింది. దాన్ని తిరగేసి పట్టుకుని వాయించాలంటే పట్టీ అవతలి కొమ్ముకు మారాల్సిందే. శని ఆదివారాలు మా గరాజ్‌లో నేను పాత వాయిద్యాలు బాగుచేస్తుంటానని ఆవిడకు తెలుసు. పెట్టె పట్టుకుని ఆవిడే వచ్చింది, వెనకాల మనవడు.

పెట్టె మూత తీయగానే ఈ పని గంటలో తేలేది కాదని అర్థమైంది. లోపల ఉన్నది ఫెండర్ స్ట్రాటోకాస్టర్. ఒలింపిక్ వైట్ అనే తెల్లరంగు, పైనున్న లాకర్ పూత ముదిరి మీగడ రంగులోకి తిరిగింది. బిరడాలుండే తలభాగం పెద్దది. ఫెండర్ కంపెనీని 1965 జనవరిలో సీబీఎస్ వాళ్లు 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్నారు, ఆ ఏడాది చివర్లో స్ట్రాటోకాస్టర్ తల పెరిగింది. అంటే గిటార్ అంతకు ముందుది కాదు. అటువంటి వస్తువుకు, అందులోనూ పైపూత చెడకుండా మిగిలినదానికి, కొత్తగా ఒక బెజ్జం వేయడమంటే నాకు చెయ్యి రాదు. కొనేవాళ్లు విలువ తగ్గిస్తారన్నది ఒక సంగతి. నన్ను ఆపేది అది కాదు. ఒకసారి పోయిన చెక్క తిరిగి రాదు.

అందుకని ముందు ఉన్న గుండీలు విప్పి చూద్దామనుకున్నాను. మొదటి ఆధారం అక్కడే దొరికింది.

స్ట్రాటోకాస్టర్‌కు రెండు గుండీలుంటాయి. ఒకటి అడుగున, రెండోది పొడుగు కొమ్ము చివర. అడుగు గుండీ స్క్రూ నికెల్ పూతది, తల మీద ప్లస్ గాటు, సరిగ్గా అంగుళం పొడవు, లావు ఆరో నంబర్. ఫెండర్‌లో చూడాల్సిన స్క్రూ అదే. పొడుగు కొమ్ము మీది స్క్రూ వేరు. ఎనిమిదో నంబర్, కాస్త లావు, తల మీద ఒకటే గాటు. ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరికే రకం. విప్పబోతే పట్టు లేకుండా గిరగిరా తిరిగింది. బయటికి లాగితే దాంతోపాటు నల్లబడ్డ అగ్గిపుల్ల ముక్కలు రెండు వచ్చాయి.

బెజ్జం వదులైతే అగ్గిపుల్లలు కుక్కడం ఊరూరా ఉన్న వైద్యమే. అడుగు గుండీ బిగువుగా ఉండి, పై గుండీ బెజ్జం మాత్రం అంత పాడవడం ఎందుకు? బరువు రెండు గుండీల మీదా పడుతుంది. ఒకచోటే చెక్క పిండిపిండి అయిందంటే, ఆ స్క్రూను ఎవరో ఒకటికి నాలుగుసార్లు తీసి పెట్టి ఉండాలి. తీసి పెట్టడానికి కారణం ఉండాలి.

అప్పుడు చిన్న కొమ్ము వైపు చూశాను. మామూలు వెలుతురులో ఏమీ లేదు. అతినీలలోహిత టార్చి వేశాను. పాత నైట్రోసెల్యులోజ్ లాకర్ ఆ కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసినవి, నింపినవి అలా మెరవవు. గరాజ్ లైటు ఆర్పాక గిటార్ ఒళ్లంతా లేత పసుపుపచ్చ వెలుగు, చిన్న కొమ్ము చివర మాత్రం మిరియపు గింజంత చీకటి చుక్క.

ఆవిడా, కుర్రాడూ నా భుజాల మీంచి వంగి చూస్తున్నారు. "అక్కడ ముందే బెజ్జం ఉందా?" అని అడిగాడు వాడు. ఉంటే నేను కొత్తగా వేయాల్సింది లేదు. కాని అది బెజ్జమో, ఇంకేదన్నానో, ఎంత లోతో తెలియకుండా కెలికితే, ఉన్నది కూడా పాడుచేసినవాణ్ణవుతాను. రెండు వారాలు గడువు అడిగాను.

ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. రంగే తర్వాత వేసిందైతే, దాని మీది మచ్చలు చెప్పేది ఏదీ నమ్మడానికి లేదు. మెడకున్న నాలుగు స్క్రూలు విప్పాను. మెడ మడమ మీద సిరాతో వేసిన అచ్చు స్పష్టంగా ఉంది. పదమూడు అంకె, సెప్టెంబర్, 66, చివర బి అక్షరం. పదమూడు స్ట్రాటోకాస్టర్‌కు గుర్తు, బి అంటే నట్ దగ్గర మెడ వెడల్పు అంగుళమూ ఐదు బై ఎనిమిది. మెడ కూర్చునే గూట్లో రంగు పడని ఒక చార ఉంది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ఒంటికి రంగు కొట్టేటప్పుడు పట్టుకోవడానికి ఆ గూట్లో ఒక కర్ర బిగించేవారు. కర్ర ఉన్నంత మేర రంగు పడదు. బయట ఇంకెవరైనా మళ్లీ రంగు వేస్తే ఆ చార సాధారణంగా మాయమవుతుంది. ఇక్కడ చెక్కుచెదరకుండా ఉంది. కాబట్టి పైపూత పుట్టుకతో వచ్చిందే.

లోపలి వాల్యూమ్, టోన్ కంట్రోళ్ల వెనక 137 అనీ, దాని తర్వాత 66తో మొదలయ్యే అంకెలూ ఉన్నాయి. 137 తయారుచేసిన కంపెనీకి గుర్తు, మిగతావి ఏడాది, వారం. చూడగానే ఇంకో సాక్ష్యం దొరికిందనిపిస్తుంది. కాని 1966లో ఫెండర్ వాళ్లు ఆ కంట్రోళ్లు కుప్పలుగా కొని కొన్నేళ్లపాటు వాడారు. 1969 గిటార్లలో కూడా 66 అంకె కనిపిస్తుంది. ఒంటరిగా అది దేన్నీ రుజువు చేయదు. మెడ అచ్చునే ఆధారం చేసుకున్నాను.

ఇక గుండీల కింది మచ్చలు. తెల్లరంగు మీద లాకర్ వెలుతురు తగిలినకొద్దీ, ఏళ్లు గడిచినకొద్దీ పసుపెక్కుతుంది. గుండీ కింద దాగిన చోట తెల్లగానే మిగిలిపోతుంది. మూడుచోట్లా పోల్చి చూశాను. అడుగు గుండీ కింద వృత్తం పాలలా తెల్లగా ఉంది. ఆ గుండీ ఎప్పుడూ కదల్లేదన్నమాట. పొడుగు కొమ్ము మీద వృత్తం తెలుపే గాని కొంచెం వన్నె తగ్గింది, కొంతకాలం వెలుతురు చూసినట్టు. చిన్న కొమ్ము మీద చీకటి చుక్క చుట్టూ, భూతద్దంలోంచి ఏటవాలుగా చూస్తే తప్ప కనపడనంత లేతగా, అదే కొలత వృత్తం ఉంది. ఎప్పుడో కొద్దికాలం దాగి, ఆ తర్వాత ఏళ్లకేళ్లు వెలుతురులో ఉండి, చుట్టుపక్కల రంగుతో దాదాపు కలిసిపోయిన వృత్తం.

ఒకే గుండీ. ముందు పొడుగు కొమ్ము మీద, కొంతకాలం చిన్న కొమ్ము మీద, మళ్లీ వెనక్కి. లావు స్క్రూ, అగ్గిపుల్లలు ఆ తిరిగి రావడంలో వచ్చినవి.

ఇంతవరకు వచ్చాక తొందరపడి ఇది పుర్రచేతి మనిషి పనేననవచ్చు. కాని చిన్న కొమ్ముకు గుండీ పెట్టడానికి వేరే కారణాలూ ఉంటాయి. గోడకు వేలాడదీయడానికి పెట్టి ఉండవచ్చు. కుడిచేతి మనిషే పట్టీ వాలు మార్చి చూసుకోవడానికి పెట్టి ఉండవచ్చు. గిటార్‌ని నిజంగా తిరగేసి వాయించారా లేదా అన్నది బెజ్జం చెప్పలేదు. ఒళ్లు చెప్పాలి.

కుడిచేతి మనిషి ముంజెయ్యి ఆనే చోట ఫెండర్ వాళ్లు చెక్కను వాలుగా చెక్కి ఉంచారు. ఈ గిటార్‌కు అక్కడ రంగు అరిగింది, సహజమే. కాని అవతలి అంచున, నాబ్‌లు, కేబుల్ గుచ్చే జాక్ ఉన్న వైపు కూడా లాకర్ పలచబడి ఉంది. అటు వైపు అరిగిందనగానే తొడ మీద పెట్టుకుని వాయించినందువల్ల అనుకోవడం మామూలు. నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు పొద్దున కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఆ మాట నిలవలేదు. తొడ ఆనేది నడుము ఒంపులో, పక్క అంచు మీద. ఇక్కడ అరిగింది ఒంపు దాటాక, ముందు ముఖం మీద, అంచు నుంచి లోపలికి నాలుగు వేళ్ల వెడల్పున. తొడ అక్కడికి రాదు. తిరగేసి పట్టుకున్నప్పుడు ముంజెయ్యి వచ్చేది మాత్రం అక్కడికే. అటు చెక్కిన వాలు లేదు కాబట్టి అంచు చేతికి ఒత్తుకుంటుంది. ఆ మనిషి చేతికి కూడా గీత పడే ఉంటుంది.

తర్వాత బ్రిడ్జి. మన వీణకు గుర్రం ఉన్నట్టే దీనికీ ఉంది గాని, ఆరు తీగలకూ ఆరు వేర్వేరు ఉక్కు ముక్కలు. సన్నతీగలు మూడూ నున్నటి తీగలు, లావు తీగలు మూడూ పైన సన్నతీగ చుట్టినవి. చుట్టిన తీగ ఉక్కు మీద ఆకురాయిలా పనిచేస్తుంది, వెడల్పాటి గరుకు గీత మిగులుస్తుంది. ఎప్పుడూ అతి సన్నతీగ ఉండాల్సిన ముక్క మీద నున్నటి సన్న గాటు ఉంది, దాని ఇరుపక్కలా గరుకు గీత అంచులూ ఉన్నాయి. లావు తీగ కొన్నాళ్లు అక్కడ కూర్చుంది. మెడ తలదగ్గరి ఎముక నట్‌లో ఇదే కథ రెండోసారి. సన్నతీగ గాడిని ఒకప్పుడు లావు తీగకు సరిపడా వెడల్పు చేశారు, తర్వాత ఎముకపొడి, జిగురు నింపి మళ్లీ సన్నగా కోశారు.

అంటే తీగల వరస మార్చారు. తిరగేసి పట్టుకోవడమే కాదు, లావు తీగ పైకి వచ్చేట్టు కట్టుకున్నారు. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కూడా ఇలాగే చేశాడు.

ఆ పేరు నాకంటే ముందు కుర్రాడి నోట వచ్చింది. మేముండేది సియాటిల్ పక్కన రెంటన్‌లో. హెండ్రిక్స్ పుట్టింది సియాటిల్‌లో, 1942 నవంబర్ 27న. సమాధి రెంటన్‌లోనే గ్రీన్‌వుడ్ శ్మశానవాటికలో ఉంది. మా వైపు తెలుగువాళ్లు ఊరు చూడటానికి వచ్చిన బంధువులను అక్కడికీ తీసుకెళుతుంటారు. 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో ఆయన చేతిలో ఉన్నది కూడా ఒలింపిక్ వైట్ స్ట్రాటోకాస్టర్, కుడిచేతిది, తిరగేసి, పట్టీ గుండీ చిన్న కొమ్ముకు మార్చినది. అది ఇప్పుడు సియాటిల్‌లోని పాప్ కల్చర్ మ్యూజియం సేకరణలో ఉంది. పేరు తెచ్చుకున్నాక ఆయన సొంత ఊళ్లో నాలుగుసార్లు కచేరీ చేశాడు. 1968లో ఫిబ్రవరి 12న, సెప్టెంబర్ 6న, 1969 మే 23న, చివరగా 1970 జులై 26న. కుర్రాడు ఈ తేదీలన్నీ కాగితం మీద రాసుకొచ్చాడు. కళ్లలో ఆ ఆశ చూసి నాకు కాదనడం కష్టమైంది.

కాని కాదనే చెప్పాను. రంగు, ఏళ్లు, తిరగేసిన పద్ధతి కలిసినంత మాత్రాన మనిషి కలవడు. ఆ ఏళ్లలో పుర్రచేతివాటం వాళ్లకు గిటార్లు కొట్లలో అరుదు. కుడిచేతిది కొని తిరగేసుకోవడం చాలామందికి ఉన్న ఒకే దారి. చెక్క మీద పేరు లేదు. నాకు తెలిసింది ఒక చెయ్యి గురించి మాత్రమే.

ఆ చెయ్యి ఎవరిదన్నది కొంతవరకు ఆవిడే తేల్చింది. పోయిన తాతగారు ఈ గిటార్‌ని 1971లో తాకట్టు కొట్లో కొన్నారు, కొత్తది కాదు. ఆవిడ తెచ్చిన ఆల్బమ్‌లో 1974 నాటి ఫోటో ఉంది. ఇంటి వెనక మెట్ల మీద నిలబడి ఆయన కుడిచేత్తో వాయిస్తున్నారు, పట్టీ పొడుగు కొమ్ముకే ఉంది. ఆయన భోజనం, రాత, సుత్తి అన్నీ కుడిచేత్తోనే. కాబట్టి తిరగేసిన కాలం 1966కీ 1971కీ మధ్య. మొదట కొన్న మనిషిదో, మధ్యలో చేతులు మారిన ఇంకొకరిదో. చిన్న కొమ్ము మీది లేత వృత్తం కూడా అదే చెబుతోంది, నాలుగైదేళ్లకు మించి గుండీ అక్కడ లేదు.

నాకింకా ఒక చిక్కు మిగిలింది. అరుగుళ్లు, గీతలు, గాళ్లు అన్నీ నమ్మదగ్గవే. కాని అవన్నీ అనుకోకుండా మిగిలినవి. ఆ మనిషి కావాలని, తన కోసం చేసుకున్న గుర్తు ఒక్కటైనా ఉంటుందా అని రోజూ వెతికాను. మెడను నూనెగుడ్డతో తుడుస్తుండగా దొరికింది.

గిటార్ మెడ పక్క అంచున చిన్న తెల్ల చుక్కలుంటాయి. వాయించేవాడు తల వంచి చూస్తే ఎన్నో మెట్టు మీద వేలుందో తెలియడానికి. కుడిచేతి గిటార్‌కు అవి లావు తీగ వైపే ఉంటాయి. తిరగేస్తే నేలను చూస్తుంటాయి. ఈ గిటార్‌కు రెండో అంచున, మురికి కింద, ఐదో మెట్టు దగ్గర ఒకటి, ఏడు దగ్గర ఒకటి, పన్నెండు దగ్గర రెండు, ఆవగింజలో సగమంత చుక్కలున్నాయి. ఫ్యాక్టరీవి కావు. గుండ్రంగా లేవు. అగ్గిపుల్ల కొసతోనో, గుండుసూదితోనో నెయిల్ పాలిష్ లాంటిదేదో అద్దినట్టున్నాయి. నేను గుడ్డ పక్కన పెట్టేశాను. ఇంకొంచెం గట్టిగా తుడిచి ఉంటే పోయేవి.

మా అన్నయ్యది పుర్రచెయ్యి. రెండో తరగతిలో మాస్టారు ఆ చేతి కణుపుల మీద స్కేలుతో కొట్టి కుడిచేత్తో రాయించారు. ఇంట్లో ఆ చేత్తో ప్రసాదం పట్టనిచ్చేవారు కాదు. ఇప్పటికీ వాడు సంతకం కుడిచేత్తో చేస్తాడు, క్యారమ్స్ ఎడమచేత్తో ఆడతాడు. ఆ నాలుగు చుక్కలు చూసినప్పుడు నాకు వాడే గుర్తొచ్చాడు. తనకోసం చేయని వస్తువును, ఎవరినీ అడక్కుండా, తనకు కావలసిన చోట గుర్తులు పెట్టి తనదిగా చేసుకున్న మనిషి ఎవరో ఉన్నారు. ఆ మనిషిని నేను చూడబోను. అయినా ఆ చుక్కలు నాకు ముఖం చూసినట్టే ఉన్నాయి.

ఇక పని. చిన్న కొమ్ము చుక్కను సన్నని సూదితో తాకాను. గట్టిగా లేదు, దిగింది. చెక్కపొడి పుట్టీ కాదు, మైనం. మరకు మరను తిప్పినట్టు, వేలితో తిప్పే చిన్న డ్రిల్లు కొసను మైనంలోకి మెల్లగా దింపి, గది కాస్త వెచ్చబరిచి, నిటారుగా లాగాను. నింపినదంతా ఒకే కడ్డీగా వచ్చింది. దాని ఒంటి మీద చుట్లు చుట్లుగా మర గీతలు. లోపల ఒకప్పుడు తిరిగిన స్క్రూ ఆకారాన్ని మైనం అచ్చు పోసి దాచిపెట్టింది. అడుగు గుండీ నుంచి తీసిన ఆరో నంబర్ స్క్రూను పక్కన పెట్టాను. పొడవు సరిపోయింది, చుట్టుకు చుట్టు సరిపోయింది. గుండీతోపాటు స్క్రూ కూడా మారిందన్నమాట. అదే ఫ్యాక్టరీ స్క్రూ పొడుగు కొమ్ము నుంచి చిన్న కొమ్ముకు వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి పాత బెజ్జంలో పట్టు లేక లావుది వేశారు.

లోపలి చెక్క ఆల్డర్, మెత్తనిదే, కాని మర గాళ్లు చెదరలేదు. ఒక్క పొట్టు కూడా తీయకుండా ఆరో నంబర్ స్క్రూకు కొంచెం మైనం రాసి, చేత్తో, వెనక్కి ఒక చుట్టు తిప్పి పాత గాడిలో కూర్చుందని చెవికి తెలిశాక ముందుకు తిప్పాను. కరెంటు డ్రిల్లు దగ్గరికే రానివ్వలేదు. కింద పలచటి ఫెల్ట్ వాషర్ వేశాను. పొడుగు కొమ్ము బెజ్జంలో అగ్గిపుల్లల బదులు గట్టి చెక్క చీలికలు పశుజిగురుతో పెట్టాను. అది వేడినీటికి వదులుతుంది కాబట్టి రేపు ఇంకెవరైనా విప్పుకోవచ్చు.

ఊడిపోకుండా తాళం పడే కొత్తరకం గుండీలు పెట్టమని కుర్రాడు అడిగాడు. వాటి స్క్రూలు ఈ బెజ్జాలకు సరిపోవు, బెజ్జాన్ని వాటికి సరిచేయాల్సి వస్తుంది. బదులుగా పాత వాయిద్యకారులు వాడే ఉపాయం చెప్పాను. గ్రోల్ష్ బీరు సీసా మూతకుండే ఎర్ర రబ్బరు ఉంగరాన్ని పట్టీ పైనుంచి గుండీకి తొడిగితే పట్టీ జారదు. రబ్బరు లాకర్‌కు తగలకూడదన్నది ఒక్కటే జాగ్రత్త, తగిలితే లాకర్ కరిగి మచ్చ పడుతుంది. పట్టీ నూలుది, కొసలు తోలువి ఎంచుకున్నాం, ప్లాస్టిక్‌ది వద్దన్నాను. ఎడమవాటం తీగలకు కొత్త ఎముక నట్ కోసి పెట్టాను. పాత నట్, లావు స్క్రూ, అగ్గిపుల్ల ముక్కలు, మైనపు కడ్డీ ఒక కవరులో వేసి, తేదీ రాసి గిటార్ పెట్టె అరలో ఉంచాను.

మైనం ఎవరు నింపారన్నది ఆవిడకు కడ్డీ చూపించినప్పుడు తేలింది. ఆవిడ ఏమీ అనకుండా ఇంటికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చింది. తాతగారు పాత కుర్చీలు, బల్లలు బాగుచేసేవారట. డబ్బా నిండా రంగురంగుల మైనపు కడ్డీలు, సామాను మీది గాట్లు నింపడానికి. ఒకటి మీగడ రంగుది, సగం అరిగింది. ఆయన దగ్గర చెక్క పుట్టీ డబ్బాలు కూడా ఉండేవని ఆవిడే చెప్పింది. గట్టిపడి శాశ్వతంగా మూసేది చేతికి అందేంత దూరంలో ఉండగా ఆయన మైనాన్నే ఎంచుకున్నారు.

ఆదివారం సాయంత్రం కుర్రాడు పట్టీ మెడలో వేసుకుని నిలబడ్డాడు. చిన్న కొమ్ముకు తగిలించడం వల్ల తల వైపు కాస్త బరువు తూగుతుంది, ఎడమ ముంజేత్తో ఒంటిని అదిమి సర్దుకున్నాడు. ఆ ముంజెయ్యి సరిగ్గా లాకర్ పలచబడ్డ చోటికే వెళ్లింది. చుక్కల సంగతి నేను వాడికి చెప్పలేదు. తల వంచి మెడ అంచు చూసుకుంటూ వేలు పైకి జరిపాడు. ఐదో మెట్టు, ఏడో మెట్టు, పన్నెండో మెట్టు దగ్గర ఆగి, లావు తీగ మీటాడు.

"ఇక్కడ ఎవరో చుక్కలు పెట్టారు" అన్నాడు వాళ్ల నాయనమ్మతో.